గుటక వేసే బండి

1977 ఫిబ్రవరి 6, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు ఒక పాత అంబాసిడర్ కారు వచ్చి ఆగింది. మా ఆయన దిగి, తలుపు మెల్లగా మూసి, బానెట్ మీద అరచేయి పెట్టి అట్లాగే నిలబడ్డారు, పసిబిడ్డకు జ్వరం చూస్తున్నట్లు. అరుగు మీద కూర్చున్న మా అత్త, "ఏందిరా, కారు తెచ్చి ఇంట్లేకి రాకుండా దాని కాడనే నిలబడితివి?" అంది. ఆయన తల తిప్పలేదు. "మా, దీనికి ఏందో ఉండాది. తొక్కితే గుటకేస్తాంది" అన్నారు.

మొన్న మా పక్కింటాయన ఎవరో వాడి అమ్మిన టర్బో కారొకటి కొనుక్కొచ్చాడు. గేటు దగ్గర కనబడి, "గట్టిగా తొక్కితే ఒక్క చణం ఆగి అప్పుడు లేస్తాందమ్మా. కంప్యూటర్ పెట్టి సూసినా దొరకల్యా" అని నాతో మాటవరసకు అన్నాడు. నాకేం తెలుస్తుందని అన్నాడో ఏమో. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. మా ఆయన గురించి రాయాలని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ మాటతో అనిపించింది.

ఆయన పేరు రాయను. మా ఇళ్లల్లో పెనిమిటి పేరు నోట పలికేది లేదు. ఓటర్ల జాబితా రాసుకునేవాళ్లు వచ్చి అడిగినా పక్కింటావిడ చేత చెప్పించేదాన్ని. ఇప్పుడు అడ్డుపెట్టేవాళ్లు ఎవరూ లేరు. అయినా చేయి రావడం లేదు.

గుటక అన్న మాట ఆయనదే. నంద్యాల కార్ల షెడ్డు మేస్త్రీలు "మిస్సింగ్" అనేవాళ్లు, "పికప్ లేదు" అనేవాళ్లు. రెండూ ఆయనకు నచ్చేవి కావు. మిస్సింగ్ అంటే వరుసలో ఒక దెబ్బ తప్పడం, ఆ చప్పుడు వేరు. పికప్ లేని బండి అసలు లేవదు, ఇది లేస్తుంది. నింపాదిగా తోలితే మంచి బండే. ముందుపోయే లారీని దాటాలని ఒక్కసారిగా గట్టిగా తొక్కితే మాత్రం, ఏదో చెప్పబోయి మింగేసిన మనిషిలాగా రవ్వంత ఆగి, ఆ తర్వాత దూకుతుంది. కిరాయికి తిప్పే బండికి అది చిన్న జబ్బు కాదు. ఆ రోజుల్లో మా రోడ్డు మీద ఒక లారీ, ఒక బస్సు పక్కపక్కన పోవడానికే చోటు చాలేది కాదు. దాటేటప్పుడు బండి మాట వినాలి.

మనిషి పొడుగు. కారులో కూర్చుంటే తల పైకప్పుకు తగిలేది. మాట తక్కువ. కాళ్లు మాత్రం ఊరుకునేవి కావు. అన్నం తింటూ కూడా కుడికాలి బొటనవేలితో నేలను నొక్కి వదిలేవారు, మళ్లీ నొక్కేవారు. మా అత్త చూసి, "కంచం ముందర కూర్చోని యాడికి పోతాండావురా?" అనేది. "సిరివెళ్ల దాటినా మా" అనేవారు, ముద్ద మింగుతూ.

ఆయనకు ఒక సూత్రం ఉండేది. "ఒకటి మార్సు, ఒకసారి తోలు." రెండు సామాన్లు ఒకేసారి మారిస్తే జబ్బు దేనితో పోయిందో తెలియదని. ఈ సూత్రాన్ని ఇంటి నిండా పరిచారు. చారు బాగాలేదని నేను చింతపండూ ఉప్పూ రెండూ సరిచేస్తే ఒప్పుకునేవారు కారు. తలనొప్పి వస్తే మాత్ర వేసుకొని గంటసేపు కాఫీ తాగేవారు కారు. నేను గ్లాసు పట్టుకొని నిలబడితే, "రెండూ మింగితే ఏది పని చేసిందో యాడ తెలుస్తాది?" అనేవారు. ఆ గంటలో తలనొప్పి పెరిగేది. కాఫీ చల్లారేది. అయినా సూత్రం తప్పేవారు కారు.

బండిని కూడా అట్లాగే పట్టుకున్నారు. ఒక వారం ప్లగ్గులు తుడిచి చూశారు. ఇంకో వారం పాయింట్లు మార్చారు. పెట్రోలు గొట్టం విప్పి ఊదారు. ఒక్కో పని తర్వాత ఒక్కసారి తోలి చూడాలి. ఖాళీ బండి తోలితే సరిగా తెలియదు, వెనక సీట్లో బరువుండాలి. బరువు మాత్రమే చాలదు. ఆయన లెక్కలో, తొక్కేవాడికి గుటక సరిగా తెలియదు. కాలు ముందే దూకుతుంది కాబట్టి మనసు మోసం చేస్తుంది. ఊరికే కూర్చున్నవాళ్ల వీపుకే తెలుస్తుంది.

ఆ సంగతి మా అత్తకు చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆమె చేటలో కందులు చెరుగుతోంది.

"బండి సూసేదానికి పెండ్లామెందుకురా? రాళ్ల మూటేస్కపో."

"రాళ్లకు నోరుండదు గద మా. గుటకేసినప్పుడు సెప్పేదెవరు?"

"అయితే నేనొస్తా పా."

"నీ నోటికి ఇంజను సప్పుడు ఇనపడదు మా."

ఆమె చేట కింద పెట్టి, కొడుకును కొట్టడానికి ఏదో వెతికింది. దొరకలేదు. "పొద్దుగూకేలోపల రాండి" అంది.

మాకు 1968లో పెళ్లయింది. తొమ్మిదేళ్లలో నేను ఆయనతో ఒంటరిగా ఊరి పొలిమేర దాటింది లేదు. మహానందికి పోతే ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం. నంద్యాలలో ఆస్పత్రికి పోతే మా అత్త తోడు. పిల్లలు కలగలేదు, ఆస్పత్రి అందుకే. మొగుడూ పెళ్లామూ ఇద్దరే కారెక్కి పోవడమంటే వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చి చూసేది. ఇప్పుడు కారుకు జబ్బు చేసింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింటావిడ, "ఏమ్మా, బండికి నయమైందా?" అని నన్నే అడిగేది.

ఆదివారం సాయంత్రం బయలుదేరేవాళ్లం. నేను వెనక సీట్లోనే. పెళ్లాం ముందు సీట్లో కూర్చోవడం మా వీధిలో లేదు, పైగా బరువు వెనక ఉండాలి. నంద్యాల రోడ్డులో సిరివెళ్ల దాకా పోయి తిరిగి రావడం. రెండు పక్కలా నల్లరేగడి, కాలువ నీళ్లు పారేచోట వరి, పారనిచోట పత్తి. తూర్పున నల్లమల. రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఆయన "ఊఁ" అనేవారు. అంటే తొక్కబోతున్నారని. నేను వీపును సీటుకు ఆనించి కూర్చోవాలి. గుటక తగిలితే "ఆఁ" అనాలి. మా మాటలన్నీ అవే. ఊఁ, ఆఁ. అయినా తిరిగి వచ్చేటప్పటికి ఎంతో మాట్లాడుకున్నట్లు ఉండేది నాకు. నా "ఆఁ" విన్నప్పుడల్లా ఆయన అద్దంలో నన్ను చూసి నవ్వేవారు. జబ్బు పోనందుకు నవ్వే డ్రైవరును నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎండాకాలం పోయింది, వానలు మొదలయ్యాయి. ఆదివారాలు ఆగలేదు, గుటకా తగ్గలేదు. ఒకరోజు అహోబిలం నుంచి స్వామి వచ్చారు. గుడిలో కైంకర్యం చేసే వృద్ధుడు. నెలకు నాలుగైదుసార్లు నంద్యాల రైలుకు మా బండే కట్టించుకునేవారు. మజ్జిగ తాగుతూ, "మీ వారి బండి నూనె మీద జారినట్టు పోతుందమ్మా. నిన్న బస్సును దాటించినాడు, నాకు తెలియనే లేదు" అన్నారు.

నేను ఆ ఆదివారం దాకా ఓపికపట్టాను. రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఆయన "ఊఁ" అన్నారు. బండి గుటక వేసింది. నేను "ఆఁ" అనలేదు.

"తగల్యా?"

"తగిలింది. స్వామికి తగలని గుటక నాకొక్కదానికే ఎట్ల తగుల్తాది?"

ఆయన బండిని మెల్లగా పక్కకు తీసి ఆపారు. అద్దంలోకి చూస్తూ, "లెక్కలొచ్చినోళ్లను ఎనక కూర్సోబెట్టుకోగూడదు" అన్నారు.

దిగి బానెట్ ఎత్తి చూపించారు. కార్బరేటర్ నెత్తిన చిన్న బుడ్డి ఉంటుంది, దానికి ఒక మూత, మూతకు కింద సన్నని కడ్డీ. బుడ్డిలో కొంచెం ఇంజనాయిల్ ఉండాలి. ఉంటే, గట్టిగా తొక్కినప్పుడు లోపలి ముక్క నిదానంగా పైకి లేస్తుంది. లేకపోతే ఒక్కసారిగా లేచిపోయి, పెట్రోలు కంటే గాలి ఎక్కువ మింగుతుంది. గుటక అదే. మాకు బండి అమ్మింది బనగానపల్లె మామిడిపండ్ల వ్యాపారి. ఆ వ్యాపారి డ్రైవరు శుభ్రత మనిషి. ప్రతి దసరాకు ఆయుధ పూజ ముందు ఇంజనంతా పెట్రోలుతో కడిగి, ఆ బుడ్డిలో నల్లగా ఉన్నదాన్ని కూడా మురికి అనుకొని గుడ్డతో ఒత్తి, పొడిగా తుడిచి, పసుపు కుంకుమ పెట్టేవాడు. నంద్యాల మేస్త్రీ సాయిబు మూత విప్పి చూసి పడిపడి నవ్వాడట. "భాయ్, తలంటు పోసినారు గానీ తలకు నూనె పెట్టల్యా వాళ్లు!"

"ఎప్పుడు సూసినాడు?" అని అడిగాను.

"రెన్నెల్లాయె."

"మరి ఇప్పుడేసిన గుటక?"

"ఆదివారం పొద్దున నూనె ఒత్తేస్తాండా. రాత్రికి మళ్లా పోస్తాండా."

"ఎందుకప్పా?"

ఆయన బానెట్ లోపలికే చూస్తూ అన్నారు: "బండి బాగయిందంటే అమ్మ నిన్ను యాడికి పంపుతాది?"

నేను వంగి ఆ బుడ్డిలోకి చూశాను. "ఎంత పడ్తాది?" అన్నాను.

"వేలి కణుపంత గూడా పట్టదు."

తలుపు తీసుకొని నేను మళ్లీ వెనక సీట్లో కూర్చున్నాను. బయలుదేరాక ఆయన "ఊఁ" అన్నారు. నేను "ఆఁ" అన్నాను. బండి గుటక వేయకముందే.

ఆ తర్వాత ఆరేళ్లు. ఆదివారం తెల్లవారకముందే ఆయన పాత బనియన్ గుడ్డను వత్తిలాగా చేసి బుడ్డిలో దూర్చేవారు. రాత్రి తిరిగి వచ్చాక నూనె పోసేవారు. ఆ నూనె చిన్న సీసాలో డ్రైవరు సీటు కింద ఉండేది. నేను వంటింట్లో పొయ్యి రాజేస్తుంటే బయట బానెట్ మూసిన చప్పుడు వినబడేది. విన్నాకే ఎసరు పెట్టేదాన్ని. కిరాయి మనుషులు ఎక్కే బండి గుటక వేయకూడదని ఆయనకు ఎంత పట్టుదలో! ఒక ఆదివారం రాత్రి నూటొక్క డిగ్రీల జ్వరంతో కూడా లేచి వెళ్లి పోసి వచ్చారు.

మా అత్త అప్పుడప్పుడు అడిగేది. "ఏండ్లకేండ్లాయె, ఆ గుటక తగ్గదా? అమ్మేయరా దాన్ని."

"అమ్మితే కొనేటోడు గుటక తినల్ల గద మా. పాపం గాదా?"

"నీకుండే పాపం ఊర్లో ఎవురికుండాది!"

1983 ఆగస్టు 21, ఆదివారం. సిరివెళ్ల నుంచి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. వెనక ఎడమవైపు అద్దం పైకి రాలేదు. నేను అటు జరిగి ఇటు జరిగి తడుస్తున్నాను. ఆయన బండి ఆపి, "ముందుకు రా" అన్నారు. నేను రాలేదు. "ఎవురు సూస్తారు ఈ వానలో? రాయే" అన్నారు మళ్లీ. పోయి కూర్చున్నాను. ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. అక్కడినుంచి రోడ్డు వేరేగా కనబడింది. వాన మన మీదికే వస్తున్నట్లు ఉంటుంది, మన మీద పడదు. ఆయన చేతులు ఇంత దగ్గరగా, చక్రం మీద. ఊఁ అనలేదు, నేను ఆఁ అనలేదు.

ఊరు దగ్గర పడింది. ముందు సీట్లోంచి దిగితే అరుగు మీదున్న మా అత్త చూస్తుంది. అందుకని వీధి మొదట్లోనే దిగి, సందులోంచి పరుగెత్తి, పెరటి తలుపున ఇంట్లోకి వచ్చాను. చీర మార్చుకొని పొయ్యి రాజేశాను. వంటింటి మీద రేకులు. రేకుల మీద వాన. బానెట్ చప్పుడు వినబడలేదు. వానలో వినబడలేదో, ఆయన ఎత్తనే లేదో నాకు తెలియదు. కాసేపు చూసి ఎసరు పెట్టేశాను. ఆయన తడిసి లోపలికి వచ్చారు. బానెట్ ఎత్తి తడిశారో, ఊరికే గేటు వేస్తూ తడిశారో.

తెల్లవారి నాలుగింటికి స్వామిని నంద్యాల రైలుకు దించడానికి పోయారు. దించి, ఒక్కరే తిరిగి వస్తూ, సిరివెళ్ల ఇవతల వడ్ల బస్తాల లారీని దాటబోయారు. ఎదురుగా బస్సు వచ్చింది. కారు రోడ్డు దిగి కాలువ గట్టున తలకిందులైంది. ఉదయం ఏడు దాటుతూ ఉంది. మనిషిని వెంటనే తీశారట. బండిని మధ్యాహ్నం రెండింటి దాకా ఎవరూ తిప్పలేదు.

లారీ డ్రైవరును స్టేషన్ ముందు చూశాను. యాభై ఏళ్లవాడు, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"సగం దాటినాడు మా. బస్సును సూసి తొక్కినాడు. తొక్కినాడు గానీ ఒక్క రవ్వ ఆగినట్లాయె."

"బండి ఆగిందా, మనిషి ఆగినాడా?"

అతను తువ్వాల భుజాన వేసుకున్నాడు. "అది నాకెట్ల తెలుస్తాది మా" అన్నాడు.

స్వామి పరామర్శకు వచ్చినప్పుడు అడిగాను, పొద్దున పోయేటప్పుడు బండి గుటక వేసిందా అని. ఆయన కళ్లనీళ్లు పెట్టుకొని, "నేను ఎక్కంగానే నిద్రపోయినానమ్మా. ఆయన తోలితే నాకు నిద్ర వస్తుంది" అన్నారు. సీటు కింద ఉండే సీసా ఏమైందని బండి దగ్గరికి పోయినవాళ్లను అడిగాను. పగిలిందన్నారు. నూనె ఎంత మిగిలి ఉన్నదో చూసేందుకూ లేదు.

దినాలు జరిగిన రాత్రి మా అత్త నా పక్కన చాప వేసుకుంది. దీపం ఆర్పాక అంది: "నూనె పోసినాడో లేదో అని గదా తిరగతాండావు?"

నేను లేచి కూర్చున్నాను.

"ఆదివారం పొద్దున మొబ్బులోనే లేసి వాడు బానెట్ ఎత్తేది అరుగు మీద నుంచి సూస్తాంటి. మొదుట్లో యేం జేస్తాండాడో తెలీల్యా. తర్వాత తెలిసింది. గుటకేసే బండి ఆ స్వామి ఎక్కుతాడా?"

"తెలిసి గూడా ఏమీ అనలేదే అత్తా?"

"అంటే మానుకుంటాడని."

అటు తిరిగి పడుకొని మళ్లీ ఆమే అంది. "రాళ్ల మూటేస్కపో అనింటిని. ఊరికే పోండిరా అనింటే ఆ నూనె ముట్టుకునేటోడే గాదు." ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బండిని నంద్యాలకు ఈడ్చుకుపోయి మేస్త్రీ సాయిబు షెడ్డు పక్కన పడేశారు. నెల దాటాక బస్సెక్కి నేనొక్కదాన్నే పోయాను. నన్ను ఎప్పుడూ చూడకపోయినా గుర్తుపట్టాడు. స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"సాయిబన్నా, ఒక్క మాట. ఆ బుడ్డి మూత విప్పి సూసినావా?"

ఆయన చేతిలో స్పానర్ ఉంది. దాన్ని కింద పెట్టి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. మా ఆయన ఆదివారాల సంగతి ఆయనకు తెలుసని ఆ తుడవడంలోనే నాకు అర్థమైంది.

"సూసినా సెల్లెమ్మా. బండి వచ్చిన రోజే సూసినా. నిండుగా ఉండాది."

"నిండుగా?"

"మూత విప్పితే ఏలికి అంటుకునింది. భాయ్ పోసినాడు. బండి తప్పు లేదు, భాయ్ తప్పు లేదు. దేవుడు పిల్సుకున్నాడు, అంతే. నువ్వు ఇంటికి పో సెల్లెమ్మా."

ఏడు గంటల సేపు తలకిందులుగా పడి ఉన్న బండిలో ఆ బుడ్డిలోని నూనె నిలవదు. నిండుగా పోసి ఉన్నా కారిపోతుంది, పోయకపోయినా పొడిగానే ఉంటుంది. మూత విప్పినవాడికి రెండూ ఒకటే కనబడతాయి. మేస్త్రీకి అది నాకంటే బాగా తెలుసు. ఆ లెక్క నాకు తెలుసని ఆయనకు తెలియదు.

"సరే అన్నా" అన్నాను. వచ్చేశాను. ఆ తర్వాత నంద్యాలలో ఎప్పుడు ఎదురుపడినా, పలకరించకముందే, "నిండుగా ఉండె సెల్లెమ్మా" అనేవాడు. ప్రతిసారీ సరే అన్నాను. ఆయన కూడా పోయి చాలా ఏళ్లయింది.

ఆ సోమవారం పోయినవి ఇవి. నలభై రెండేళ్ల మనిషి ఒకరు. కారు ఒకటి, తుక్కు కింద పోయింది. మా అత్తకు ఒక్కగానొక్క కొడుకు. ఆమె రెండో దసరా దాకా ఉండలేదు. నాకు ఆదివారాలు. నూనె పోశారా లేదా అన్నది ఇందులో కలపలేదు. అది పోలేదు, నా దగ్గరే ఉంది.